నేలకి ఆనుకునుండే స్పోర్ట్స్ కారు, ఇంట్లో ఎత్తేదెలా?

ప్రశ్న (పటమట, విజయవాడ): అన్నా, మన కారు మరీ కిందకుంటది, మామూలు జాకీ బంపర్ కిందకే దూరట్లేదు. ఆయిల్ నేనే మార్చుకుందామని, ఇటుకలు పెట్టి లేపితే పర్లేదా?

జవాబు: ఇటుకలా!! వద్దు బాబూ, బరువుకి పటుక్కున పగులుతాయి. మొదట ముందువైపు టైర్లని 2 అంగుళాల చెక్క పలకల మీదకి మెల్లగా ఎక్కించు, అప్పుడు లో ప్రొఫైల్ ట్రాలీ జాకీ (చక్రాల మీద జరిగే, ఎత్తు తక్కువుండే జాకీ) దూరుద్ది, మాన్యువల్‌లో చూపించిన పాయింట్ దగ్గరే ఎత్తి రెండువైపులా జాక్ స్టాండ్లు (ఎత్తిన కారు బరువు మోసే ఇనుప స్టాండ్లు) పెట్టి, ఓసారి గట్టిగా ఊపి చూశాకే కిందకెళ్ళు. వెనక టైర్లకి అడ్డు చెక్కలు మర్చిపోకు. ఒట్టి జాకీని నమ్మకు, లోపలి ఆయిల్ సీలు లీకైతే దిగిపోద్ది.

ఇంకొకరు: మట్టి నేలైతే స్టాండ్ కింద మందపాటి ప్లైవుడ్ వెయ్యి, దిగబడకుండా. చెక్కలకి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవాళ్ళనడుగు.

ప్రశ్న వేసినతను: సరే అన్నా, ఇటుకలు మళ్ళీ గోడ పక్కకే.