భయస్తురాలైన చిన్న జాతి పప్పీకి క్రేట్ పెట్టాలా, వద్దా?

కొత్తపప్పీ
మూడు నెలలు కూడా నిండని పొమరేనియన్ పిల్ల ఇంటికొచ్చింది. మహా భయస్తురాలు. వాషింగ్ మెషిన్ తిరిగినా, ఎవరైనా గట్టిగా తుమ్మినా సోఫా కిందికి దూరిపోతుంది. పాస్ మాత్రం ఇల్లంతా ఎక్కడ పడితే అక్కడే. వీడియోల్లో అందరూ ఒకటే మాట: తలుపున్న చిన్న బోను లాంటి క్రేట్‌లో పెట్టి తలుపు వేయండి, పడుకునే చోటు పాడుచేసుకోదు కాబట్టి ఆపుకోవడం దానంతట అదే నేర్చుకుంటుంది అని. మేమూ వేశాం. అరిచింది, తలుపు గీకింది, చొంగ కార్చింది, చివరికి అందులోనే పోసి దాని మీదే కూర్చుంది. ఇంట్లో ఇప్పుడు రెండు పార్టీలు. ఒకరు "ఏడవనీ, అదే అలవాటవుతుంది" అంటారు, ఇంకొకరు "పసిదాన్ని జైల్లో పెడతారా" అంటారు. క్రేట్ లేకుండా పాటీ ట్రైనింగ్ అవుతుందా, అవదా?

పాతకాపు
అవుతుంది. కానీ మీ పని రెట్టింపవుతుంది. మూడు నెలల పిల్ల రోజులో పద్దెనిమిది గంటలు నిద్రపోతుంది. మిగతా కాస్త సమయంలో ఇల్లంతా వదిలేస్తే మీ కళ్లు దాని మీద లేని ప్రతి నిమిషమూ ఒక మడుగే. పైగా అంత చిన్న ప్రాణి కాళ్ల కింద పడుతుంది, వైర్లు కొరుకుతుంది. రేపు ఆపరేషన్‌కో, ప్రయాణానికో, గ్రూమింగ్‌కో దాన్ని క్రేట్‌లో పెట్టక తప్పదు. అప్పుడు మొదటిసారి చూస్తే ఆ భయం ఎంత ఉంటుందో ఊహించుకోండి.

సైజు కూడా చూడండి. లేచి నిలబడి, చుట్టూ తిరిగి, కాళ్లు చాపి పడుకునేంత చాలు. పెద్దయ్యాక కూడా సరిపోతుందని పెద్దది కొంటే ఒక మూల పడక, ఇంకో మూల టాయిలెట్ చేసుకుంటుంది. పెద్దదే ఉంటే మధ్యలో అడ్డం పెట్టండి. లోపల ఉన్నప్పుడు మెడ పట్టీ తీసేయండి, కమ్మీలకు చిక్కుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

నాలుగుకాళ్లు
"కుక్క గుహలో ఉండే జంతువు, క్రేట్ దానికి సహజం" అని ఇంకాసేపట్లో ఎవరో ఒకరు రాస్తారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. తోడేళ్లు గుహ వాడేది పిల్లల్ని పెంచే కొన్ని వారాలే. ఆ గుహకు తలుపు ఉండదు, బయట గొళ్లెం అసలే ఉండదు. పిల్ల ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికొస్తుంది. చోటు ఇరుకుగా ఉండటం సమస్య కాదు, బయటికి రాలేకపోవడం సమస్య. స్వీడన్‌లో, ఫిన్లాండ్‌లో ఇంట్లో కుక్కను క్రేట్‌లో ఉంచడానికి చట్టమే ఒప్పుకోదు, ప్రయాణం లాంటి అవసరాలకు తప్ప. అక్కడి కుక్కలు ఇళ్లు పాడుచేస్తూ కూర్చోలేదు కదా.

మీ పిల్ల ఇప్పటికే తన మాట చెప్పేసింది. ప్లేపెన్, అంటే చుట్టూ కంచెలా కట్టే ఆట చోటు, పెట్టండి. ఒక పక్క పడక, ఒక పక్క పాస్ పీల్చుకునే ప్యాడ్.

పాతకాపు
ఆ చట్టాలే ప్రయాణానికి క్రేట్ ఒప్పుకుంటున్నాయని మీరే రాశారు. అంటే అక్కడి కుక్క కూడా అందులో ప్రశాంతంగా కూర్చోవడం నేర్చుకోవాల్సిందే. నేను రోజంతా పెట్టి తాళం వేయమనలేదు. ఇక స్వీడన్‌లో పగటిపూట ఆరు గంటలకోసారైనా కుక్కను బయటికి తీసుకెళ్లాలని, పిల్లల్ని ఇంకా తరచుగా తీసుకెళ్లాలని కూడా నియమం ఉంది. దాన్ని ఎవరూ షేర్ చేయరెందుకో.

రాత్రిడ్యూటీ
పెంపుడు జంతువుల ఆసుపత్రిలో పనిచేస్తాను. పాస్ సమస్య, భయం సమస్య రెండింటినీ ఇక్కడ ఒకే ముడి వేసి వాదిస్తున్నారు. ఈ పిల్ల విషయంలో వాటిని విడదీయకపోతే రెండూ తెగవు.

ముందు పాస్ సంగతి. పిల్ల వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు ఆపుకోగలదని ఒక లెక్క చెబుతుంటారు. అది పైహద్దు. రోజూ అంతసేపు ఆపించమని కాదు. పొమరేనియన్ లాంటి బాగా చిన్న జాతుల్లో మూత్రాశయం చిన్నది కాబట్టి ఆ హద్దు ఇంకా తక్కువ. నిద్రలో ఉన్నప్పుడు ఓ మాదిరిగా ఆపుకున్న పిల్లే మెలకువగా ఉండి ఆడుతుంటే గంట కూడా ఆగలేకపోవచ్చు. ఆపుకునే శక్తి శరీరం ఎదిగితే వస్తుంది, తలుపు వేస్తే రాదు. క్రేట్ చేయగలిగిన సాయం ఒక్కటే: మీరు చూడని సమయంలో పిల్ల ఎక్కడుందో మీకు తెలియడం. శిక్షణ అంతా అది బయట ఉన్నప్పుడే జరుగుతుంది.

ఇక భయం. చొంగ కార్చడం, తలుపు గీకడం, పడుకునే చోటే పోయడం, ఈ మూడూ కలిసి వస్తే నేను దాన్ని మొండితనం అనను. అది పానిక్. బెదిరిపోయిన ప్రాణికి పాస్ ఆగదు, మనుషులకైనా అంతే. కాబట్టి క్రేట్ తడిసిందని "ఆపుకోవడం నేర్చుకోలేదు" అనుకుంటే లెక్క తప్పినట్టే. అదే పద్ధతి కొనసాగిస్తే ఇంకో నష్టం ఉంది. మడుగులో కూర్చోవడానికి అలవాటుపడిన పిల్లలో పడక శుభ్రంగా ఉంచుకోవాలన్న సహజ గుణం మొద్దుబారుతుంది. పుట్టినప్పటి నుంచి బోనులో పెరిగి వచ్చిన పిల్లల్లో ఇది తరచుగా చూస్తాం. వాటికి "పడుకునే చోట పోయదు" అన్న సూత్రం పనిచేయదు.

పాస్ తగ్గాలని నీళ్లు, తిండి తగ్గించకండి. చిన్న జాతి పిల్లలకు కాస్త ఎక్కువసేపు కడుపు ఖాళీగా ఉన్నా రక్తంలో చక్కెర పడిపోయి తూలిపోతాయి, మూర్ఛ వచ్చే ప్రమాదమూ ఉంది. కొంచెం కొంచెంగా రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టాలి. మాటిమాటికీ చుక్కలు చుక్కలుగా పోస్తున్నా, ముక్కుతున్నా ముందు మూత్ర పరీక్ష చేయించండి. ఇన్ఫెక్షన్ ఉంటే ఏ ట్రైనింగూ పనిచేయదు.

మౌనపాఠకురాలు
ఎప్పుడూ చదివి వెళ్లిపోతాను, ఈసారి అడగాలనిపించింది. అరిచినప్పుడల్లా వెళ్లి తీస్తే "అరిస్తే తలుపు తెరుచుకుంటుంది" అని నేర్చుకోదా? మా ఇంట్లో అందరి వాదన అదే.

పాతకాపు
నేర్చుకుంటుంది. అందుకే ఒక్క క్షణం ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు తెరవాలి, అరుపు మధ్యలో కాదు.

రాత్రిడ్యూటీ
అరుపులన్నీ ఒకటి కావండీ. "నన్ను తియ్యి" అని కాసేపు కుయ్‌కుయ్‌మని, ఎవరూ రాకపోతే చుట్టూ తిరిగి పడుకునే పిల్ల వేరు. కళ్లు పెద్దవి చేసుకుని రొప్పుతూ, గొంతు పెంచుకుంటూ పోయే పిల్ల వేరు. తేడా పట్టడానికి ఒక సులువు ఉంది: దానికి బాగా ఇష్టమైన ట్రీట్ లోపలికి ఇవ్వండి. తింటే ఇంకా తన అదుపులో ఉన్నట్టే. ముక్కు దగ్గర పెట్టినా వాసన కూడా చూడకపోతే నేర్చుకునే స్థితిలో లేదు, వెంటనే తీసేయండి. రెండో రకం పిల్లను ఏడవనిస్తే చివరికి ఊరుకుంటుంది, నిజమే. అలసిపోయి ఊరుకోవడాన్ని అలవాటుపడటంగా లెక్కేస్తున్నారు, నా గొడవంతా అక్కడే.

భయపడిన పిల్లను దగ్గరికి తీసుకుంటే భయం పెరుగుతుందనేది కూడా వదిలేయండి. భయం అది కావాలని చేసే పని కాదు, బుజ్జగిస్తే బహుమతి ఇచ్చినట్టు అవదు.

గడియారం
క్రేట్ ఉన్నా లేకపోయినా పని జరిపించేది టైమ్‌టేబుల్. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆట మధ్యలో ఒకసారి, ఆట అయ్యాక, ఇంటికి ఎవరైనా వచ్చి హడావిడి అయ్యాక. ఈ సందర్భాలన్నిటిలో అడక్కుండానే తీసుకెళ్లాలి. నేల వాసన చూస్తూ గిరగిరా తిరగడం మొదలుపెట్టేదాకా ఆగితే సగం ఆలస్యమైనట్టే.

రోజూ ఒకే చోటు. అక్కడికెళ్లాక ఆటలు, మాటలు వద్దు, ఊరికే నిలబడండి. అవగానే అక్కడే, ఆ రెండు మూడు సెకన్లలోనే ట్రీట్. లోపలికొచ్చాక ఇస్తే అది లోపలికొచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది. చాలామంది ఇంకో పొరపాటు చేస్తారు: అవగానే ఠక్కున లోపలికి లాక్కొస్తారు. పోస్తే బయటి సరదా ముగిసిపోతుందని అర్థమై, తెలివైనది ఆపుకుని తిప్పించుకుంటుంది. ఏమీ చేయకపోతే తెచ్చి ఒళ్లో పెట్టుకోండి, లేదా చిన్న తాడుతో మీ నడుముకు కట్టుకోండి, పది నిమిషాల తర్వాత మళ్లీ.

చిన్న జాతుల వాళ్లకే ఉన్న జబ్బు ఒకటి చెప్పనా? ఎత్తుకుని తీసుకెళ్తారు. పిల్ల గాల్లో వెళ్లి గాల్లో వస్తుంది. తలుపు దాకా నడిచి వెళ్లాలన్న దారి దానికి తెలియదు, తలుపు దగ్గర నిలబడి అడగడం ఇంకెలా వస్తుంది? ఇప్పుడు ఎత్తుకున్నా సరే, ఆఖరి నాలుగు అడుగులు నడిపించండి. రెండో జబ్బు, చిన్న మడుగే కదా అని తుడిచేసి ఊరుకోవడం. లాబ్రడార్ పోస్తే ఇల్లంతా సీరియస్ అవుతుంది, పొమరేనియన్ పోస్తే "అయ్యో బంగారం". ఏడాది గడిచినా చిన్న కుక్కలు ఇంట్లో పోయడానికి ఇదో పెద్ద కారణమని నా నమ్మకం.

తుడవడానికి మూత్రం వాసనను విరగ్గొట్టే ఎంజైమ్ క్లీనర్ వాడండి. అమ్మోనియా ఉన్నవి వద్దు, మూత్రంలో ఉండే వాసనే అది.

నాలుగుకాళ్లు
గడియారం గారూ, అన్నీ ఒప్పుకుంటాను, కానీ ఇదంతా "బయట" మీద నిలబడింది. తుమ్ముకే దాక్కునే పిల్ల వీధి శబ్దంలో నిలబడి పోస్తుందా? భయంతో అంతా బిగబట్టి ఇంట్లోకొచ్చి ఊపిరి పీల్చుకుని కార్పెట్ మీద పోస్తుంది. పైగా వ్యాక్సిన్ల కోర్సు పూర్తికాని పిల్లను ఇతర కుక్కలు తిరిగే నేల మీద దించడమూ మంచిది కాదు, పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు భయం ఉంది. ఇలాంటి పిల్లకు ప్యాడే దిక్కు.

పాతకాపు
ప్యాడ్ అలవాటు చేసి తర్వాత మాన్పించడం రెండుసార్లు ట్రైనింగ్ ఇవ్వడమే. పిల్లలు ఎనిమిది తొమ్మిది వారాల వయసులోనే కాళ్ల కింద ఏ స్పర్శ ఉంటే అక్కడ పోయాలో మనసులో పెట్టేసుకుంటాయి. మెత్తటి ప్యాడ్ నేర్పితే బాత్రూమ్ మ్యాట్, కార్పెట్, మంచం పక్కన పడ్డ టవల్ అన్నీ దాని లెక్కలో ప్యాడ్‌లే.

గడియారం
అందుకే ప్యాడ్ బదులు ట్రేలో నిజం గడ్డి. బాల్కనీ గానీ, నిశ్శబ్దంగా ఉండే మూల గానీ ఉంటే అక్కడ పెట్టండి. కాళ్లకు గడ్డి అలవాటవుతుంది, వీధి భయం ఉండదు. తర్వాత బయట గడ్డి మీదికి మార్చడం తేలిక. ఆ మ్యాట్‌లు, టవళ్లు మాత్రం కొన్నాళ్లు ఎత్తేయండి.

కొత్తపప్పీ
చాలా థాంక్స్ అండి. కొన్ని వివరాలు: మా దగ్గరికి రాకముందు బోనులోనే పెరిగింది. అవును, ఎత్తుకునే తీసుకెళ్తున్నాం 🙂 ఇంకొకటి, బయటి నుంచి వచ్చి దాని మీదికి వంగి పలకరిస్తే వెంటనే కొంచెం పోసేస్తుంది. తిడితే ఇంకా పోస్తుంది. రేపటి నుంచి అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

రాత్రిడ్యూటీ
వంగినప్పుడు పోసేది టాయిలెట్ తప్పే కాదు. "నేను చిన్నదాన్ని, ఏమీ చేయకు" అని చెప్పుకోవడం. దాని మీదికి వంగకండి, పక్కకు తిరిగి నేల మీద కూర్చుని దాన్నే రానివ్వండి, కళ్లలోకి సూటిగా చూడకండి. తిట్టడం పూర్తిగా మానేయాలి. తిట్టు తిన్న పిల్ల పోయడం మానదు, మీ ముందు పోయడం మానుతుంది. అప్పుడు బయట మీరు పక్కన నిలబడితే కూడా పోయదు, సోఫా వెనక్కి వెళ్తుంది.

బోనులో పెరిగింది కాబట్టి క్రేట్‌తో పాటీ ట్రైనింగ్ అనే ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి. తడిసిన పడక గుడ్డ మార్చండి, క్రేట్‌ను ఎంజైమ్ క్లీనర్‌తో బాగా కడగండి, తలుపు విప్పేయండి లేదా వెనక్కి కట్టేయండి. ప్లేపెన్ లోపల పెట్టి తిండి అందులోనే వేయండి. గిన్నె మొదట గుమ్మం దగ్గర, దానంతట అది తల దూరుస్తుంటే కొంచెం కొంచెం లోపలికి. మీరు నెట్టకూడదు. రాత్రి మీ మంచం పక్కనే ఉంచండి, మీ వాసన తగిలి, ఊపిరి వినిపించేంత దగ్గరగా. నిద్ర మధ్యలో కదిలితే అలారం అక్కర్లేకుండా మీకే తెలుస్తుంది. తీసుకెళ్లండి, లైట్లు వేసి ముద్దులాడకుండా తెచ్చి పడుకోబెట్టండి.

పాతకాపు
నేను దీనికి పెద్దగా అడ్డం చెప్పను. తలుపు మాత్రం ఎప్పటికీ తీసి ఉంచితే క్రేట్ ఎందుకు? దాని ఇష్టంతో లోపలికెళ్లి గాఢనిద్రలో ఉన్నప్పుడు మెల్లగా మూసేయండి. లేచేసరికి పక్కన మీరుంటారు, ఏ గొడవా ఉండదు.

నాలుగుకాళ్లు
తలుపు ఎప్పటికీ మూయకపోయినా కొంపేమీ మునగదు, నా మాట మారదు.

రాత్రిడ్యూటీ
మూయడం నేర్పాలన్నదాంట్లో పాతకాపు గారితోనే ఉన్నాను. ఎప్పుడో ఒకరోజు మా ఆసుపత్రి బోనులో రాత్రి ఉండాల్సి రావచ్చు. కానీ నిద్రలో వద్దు. పడుకున్నప్పుడు తెరిచి ఉన్న దారి లేచేసరికి మూసి ఉంటే ఈ పిల్ల ఇక అందులో కళ్లు మూసుకోదు. మెలకువగా ఉండి, నమిలే వస్తువు ఏదో నములుతూ, మిమ్మల్ని చూస్తున్నప్పుడు మూయండి. అది నమలడం ఆపకముందే తెరవండి. మొదట్లో అది నిజంగా క్షణాలే. నమలడం ఆపి తలుపు వైపు చూసిందంటే ఎక్కువసేపు మూశారని అర్థం, తర్వాతిసారి తగ్గించండి. మాల్టీస్, షిట్జూ, పగ్ ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతుంటే ఒక్కటి: చీకటిగా ఉంటే నిద్రపోతాయని క్రేట్ మీద మందపాటి దుప్పటి కప్పకండి, ముఖ్యంగా ముక్కు నొక్కుకుపోయిన జాతులకు. లోపల వేడి ఎక్కితే రొప్పడం భయం వల్లో, ఊపిరాడకో మీకు తెలియదు.

కొత్తపప్పీ
తలుపు విప్పేశాం. స్క్రూడ్రైవర్ శబ్దానికి మళ్లీ సోఫా కిందికెళ్లింది. గిన్నె గుమ్మం దగ్గర పెట్టి పక్క గదిలోకి వచ్చి రాస్తున్నాను. ఆఫీసుకు వెళ్లే రోజుల్లో ఎంతసేపు ఒంటరిగా వదలొచ్చో ఎవరైనా చెబుతారా, లేక దానికి వేరే టాపిక్ తెరవాలా?

గడియారం
వేరేది తెరవండి, ఇది ఇప్పటికే పొడుగైంది. అప్పటిదాకా సెలవు పెట్టండి, లేదా మధ్యలో ఎవరైనా వచ్చి బయటికి తిప్పేలా చూసుకోండి.