పిరనేసి ప్రింట్లలో రోమ్ అంత పెద్దగా ఎందుకుంది, కోతలా?

రాళ్లపిచ్చి:
ఈ మధ్య 18వ శతాబ్దపు ఇటలీ చిత్రకారుడు పిరనేసి గీసిన రోమ్ ప్రింట్లు చూడ్డం మొదలుపెట్టా, రాత్రిళ్లు అదే పని. డౌట్ ఏంటంటే అవే కట్టడాల ఇప్పటి ఫోటోలు పక్కన పెట్టి చూస్తే ప్రింట్లో అన్నీ రాక్షసులు కట్టినట్టు ఉన్నాయి, కింద మనుషులు చీమల్లా. పైగా ఫోరమ్‌లో (పాత రోమ్ నడిబొడ్డు) ఉన్న సెప్టిమియస్ సెవెరస్ ఆర్చ్, అదే ఆ చక్రవర్తి విజయ తోరణం, సగం మట్టిలో కూరుకుపోయి ఉంది, ఫోటోలో చూస్తే అడుగుదాకా కనిపిస్తోంది. ఇందులో ఎంత నిజం, ఎంత కోత?

సిరామరక:
రెండూ వేరే విషయాలండి. మట్టి నిజం, సైజు కోత. అప్పట్లో ఫోరమ్‌ని కాంపో వచ్చీనో అనేవాళ్లు, అంటే ఆవుల మేత మైదానం, శతాబ్దాల మట్టీ చెత్తా పేరుకుని నేల మీటర్ల కొద్దీ పైకి లేచిపోయింది. వెస్పేసియన్ గుడివి మూడు స్తంభాలున్నాయి చూడండి, పిరనేసి ప్రింట్లో దాదాపు తలకాయలే బయట ఉంటాయి, కింద పేరేమో జూపిటర్ గుడి అని రాసుంటుంది, అప్పుడు అందరూ అలాగే అనుకునేవాళ్లు మరి. 19వ శతాబ్దం మొదట్లో రోమ్ ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్నప్పుడు తవ్వితే గానీ మొదలు కనబడలేదు.
సైజు సంగతంటారా, మనుషుల్ని చిన్నగా గీస్తాడు, కింది నుంచి తలెత్తి చూస్తున్నట్టు కోణం పెడతాడు, అంతే, గోడ కొండైపోతుంది. ఇవి చూసి ఊహించుకుని 1786లో రోమ్ వెళ్లిన జర్మన్ రచయిత గోథే, కరకల్లా స్నానశాలల శిథిలాల దగ్గర ఉసూరుమన్నాడు.

గీతలు:
నేను ఎచింగ్ (పిరనేసి ప్రింట్లు తీసిన పద్ధతే) చేస్తుంటా, వాటిలో ఆ నలుపు ఎలా వస్తుందో చెప్తా. రాగి రేకు మీద మైనం లాంటి పూత పూసి సూదితో గీస్తారు, యాసిడ్‌లో వేస్తే గీత పడ్డ చోట మాత్రమే రాగి తినేస్తుంది. దూరంగా ఉండే ఆకాశం, గుట్టలూ కాసేపు తిననిచ్చి వాటి మీద వార్నిష్ వేసి మూసేస్తారు, ముందున్న రాళ్లని మళ్లీ యాసిడ్‌లోకి, మళ్లీ మళ్లీ. గీత లోతైతే ఇంకు ఎక్కువ పడుతుంది, అందుకే ముందు రాళ్లు కాటుకలా ఉంటాయి, వెనకవి పొగలా. ఇంకో తలనొప్పేంటంటే ప్రింట్ అద్దంలో బొమ్మలా తిరగబడి పడుతుంది కదా, అందుకని రేకు మీద మొత్తం కుడిఎడమలు తిప్పి గీయాలి, కింద రాసే అక్షరాలతో సహా!

పాతపటం:
అందరూ పిరనేసి భజనేనా 🙂 ఆయనకి ఎచింగ్ నేర్పిన జుసెప్పె వాసి కూడా ఆ ఊరినే గీశాడు, 1747 నుంచి 1761 దాకా పది సంపుటాలు. డ్రామా తక్కువే, చప్పగా ఉంటాయి కూడా, కానీ ఏ వీధిలో ఏముందో కావాలంటే నేను ముందు అవే తీస్తా. ఇంకా వెనక్కి, 16వ శతాబ్దపు ప్రింట్లు చూడండి. పాలటైన్ కొండ కింద సెప్టిజోడియం అని అంతస్తుల స్తంభాల కట్టడం ఒకటుండేది, రాళ్ల కోసమని పోప్ సిక్స్‌టస్ 5 1588-89లో మిగిలిన ముక్క కూడా పడగొట్టించాడు. ఇవాళ దాని మొహం ఎలా ఉండేదంటే ఆ పాత బొమ్మలే దిక్కు.

రాళ్లపిచ్చి:
థాంక్స్ అందరికీ, ఆవుల మైదానం సంగతి అస్సలు తెలీదు, ఇప్పుడు ఆ ప్రింట్లో పశువులెందుకున్నాయో అర్థమైంది. ఒకే బొమ్మ ఒకచోట వెండిలా లేతగా, ఇంకోచోట బొగ్గులా ఉంటోంది, స్కాన్ తేడానా?

గీతలు:
స్కాన్ ఒక్కటే కాకపోవచ్చు. పిరనేసి 1778లో పోయాక కొడుకులు అవే రేకులతో ప్రింట్లు తీశారు, తర్వాత రేకులు పారిస్ వెళ్లాయి, 1839లో మళ్లీ రోమ్‌కొచ్చాయి. రాగి మెత్తన కదా, అన్నేళ్లు ప్రెస్ కింద నలిగితే సన్నగీతలు అరిగిపోతాయి. తొలి ప్రింట్లే ఆ వెండి రంగువి. ఆకాశంలో గీతలు తెగకుండా ఉన్నాయేమో జూమ్ చేసి చూడండి, ముందు పోయేవి అవే.