ఏఐతో కోడ్ రాయిస్తుంటే మనకు పని వస్తున్నట్టా, పోతున్నట్టా?

కోటజంక్షన్_జావా:
విజయనగరంలో ఇంటి నుంచే పని, 12 ఏళ్ల అనుభవం. 2021లో కోడ్ రాసిపెట్టే ఏఐ టూల్ కోపైలట్ ప్రివ్యూ వచ్చినప్పుడు నవ్వుకున్నాను, మనం సగం లైను రాస్తే మిగతా సగం అందించేది, అంతే. ఇప్పుడు సంగతి వేరు. ఏఐ ఫైళ్లు తనే తెరుస్తుంది, టెస్టులు తనే నడుపుతుంది, తప్పొస్తే తనే దిద్దుకుంటుంది, నడుమ 'సరేనా' అని అడిగినప్పుడు ఎంటర్ కొట్టడం నా ఉద్యోగం.

మొన్న ఏమైందంటే ఒక కస్టమర్‌కి ఒకే ఇన్వాయిస్ మూడుసార్లు పడింది. వెతికితే ఒక లూప్ దొరికింది: టైమౌట్ అయితే మళ్లీ పంపు, మొత్తం మూడుసార్లు. అవతలి సర్వరు మొదటిసారే తీసుకుంది పాపం, జవాబు చెప్పడమే లేటయింది. ఎవడు రాశాడ్రా ఇది అని, ఏ లైను ఎవరు పెట్టారో లెక్క ఉంచే గిట్‌లో చూస్తే నా పేరే! ఆ రోజు సాయంత్రం కరెంటు లేదు, ఇన్వర్టర్ మీద ఉన్నాను, బేగి ముగించేద్దామని ఎంటర్ కొట్టేశాను. ఒక్క లైను కూడా గుర్తు లేదు. పాత రోజుల్లో నా కోడ్‌లో తప్పుంటే సిగ్గేసేది, ఇప్పుడు పక్కింటివాడి గోడ కూలినట్టు చూశాను. నాకు భయం వేసింది అందుకే. మీకూ ఇలాగే ఉందా, లేక నేనే ముసలివాడినవుతున్నానా?

పలాస_పిక్క:
మీకు పోయిందేమో గానీ నాకు వచ్చింది మాస్టారూ. నేను ప్రోగ్రామర్ని కాదు, జీడిపప్పు వ్యాపారం. మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కుర్రాడు చిన్న మార్పు అడిగితే వారం తిప్పి, వచ్చి డబ్బులు అడిగి, అదీ సగమే చేసి వెళ్లేవాడు. పోయిన వేసవిలో రెండు రాత్రులు కూర్చుని స్టాక్ పేజీ ఏఐతో నేనే చేయించుకున్నాను. గుండు పప్పు గ్రేడుల్లో డబ్ల్యూ 240 ఎంతుంది, డబ్ల్యూ 320 ఎంతుంది, బద్ద ఎంతుంది, అన్నీ ఫోన్లోనే.

తప్పులు చేయలేదా అంటే చేసింది. పిక్కల (పెంకు తీయని జీడి గింజల) బస్తా 50 కిలోలని పట్టుకుంది. మా ఉద్దానంలో బస్తా అంటే 80 కిలోలు, చిన్నపిల్లాడినడిగినా చెప్తాడు. నేను చెప్పలేదు, అది అడగలేదు. గోడౌన్లో సరుకు కళ్ల ముందు కనబడుతుంటే పేజీలో తక్కువ చూపించింది కాబట్టి దొరికింది. కోడ్ తెలిసి పట్టుకోలేదు, పిక్కలు తెలిసి పట్టుకున్నాను.

ఆమదాలవలస_టెస్టర్:
పిక్కన్న మాట బాగుంది కానీ, కళ్ల ముందు గోడౌన్ లేని తప్పుల సంగతేమిటి?

ఇంకోటి. ఎంత బేగి అయిపోయిందో అని అందరూ అంటున్నారు కదా, మెటర్ అనే సంస్థ 2025 జులైలో ఒక అధ్యయనం పెట్టింది. 16 మంది అనుభవమున్న డెవలపర్లు, తాము ఏళ్లుగా చూసుకుంటున్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లోనే 246 పనులు చేశారు. ఏఐ వాడిన పనులకు టైము 19 శాతం ఎక్కువే పట్టింది. మొదలుపెట్టకముందు 24 శాతం తగ్గుతుందనుకున్నారు, అది సరే, ఎవరైనా అనుకుంటారు. అంతా అయ్యాక కూడా 20 శాతం తగ్గిందనే అనుకున్నారు! 16 మందే, అదీ ఆ ఏడాది మొదట్లో ఉన్న టూల్స్‌తో, కాబట్టి దీన్ని పట్టుకుని అందరికీ ఇంతే అనను. కానీ మన చేతిలో పని ఎంత వేగంగా జరుగుతోందో మనకే తెలియట్లేదంటే, జావా గారి భయం ఉత్తిది కాదు.

రాజాం_ల్యాబ్:
ఇంజనీరింగ్ కాలేజీలో చెప్తాను, ఏ కాలేజీ అని అడక్కండి. వైవాలో 'ఈ లైను ఎందుకు పెట్టావు' అంటే 'అది పెట్టింది సార్' అంటున్నారు. ఒకరు కాదు, బెంచీకి ఇద్దరు. మా రోజుల్లో కాపీ కొట్టినవాడు కూడా 'నేనే రాశాను సార్' అని బొంకేవాడు, ఆ బొంకులో కాస్త బాధ్యతైనా ఉండేది. ఇప్పుడు దాచడం కూడా లేదు, తప్పైతే 'అది అలా అనుకుంది సార్'. కంప్యూటర్ అనుకోవడమేమిటో!

అయితే రెండో వైపూ చెప్పాలి. క్లాసులో నోరు విప్పని ఆడపిల్లలు కొందరు రాత్రి హాస్టల్లో కూర్చుని పాయింటర్ల గురించి తెలుగులోనే, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఒకే డౌటు ఏఐని పదిసార్లు అడుగుతున్నారు. అది విసుక్కోదు. నేను మూడోసారికే విసుక్కుంటాను, నా గురించి నాకు తెలుసు.

2024_బ్యాచ్:
పెద్దలందరూ పట్టు పోతోంది, బాధ్యత పోతోంది అంటున్నారు. అసలు పట్టు దొరికే చోటు మాకేదండీ? మీరంతా చేరిన కొత్తలో చిన్న చిన్న బగ్గులు దిద్దుతూ, సీనియర్ చేత తిట్లు తింటూ నేర్చుకున్నామని గొప్పగా చెప్తారు కదా. ఆ చిన్న బగ్గులే ఇప్పుడు దానికి ఇచ్చేస్తున్నారు. ఏడాదిన్నర నుంచి శ్రీకాకుళంలో ఖాళీగా ఉన్నాను, ప్రతి ఇంటర్వ్యూలో అనుభవం ఉందా అనే అడుగుతారు.

కోటజంక్షన్_జావా:
దీనికి నా దగ్గర జవాబు లేదు తమ్ముడూ. మా టీములో ఫ్రెషర్ని తీసుకుని రెండేళ్లు దాటింది, ఎందుకు తీసుకోలేదని నేనూ అడగలేదు. ఆ ఇన్వాయిస్ లూప్ లాంటివి నేను మొదటి ఏడాది నాలుగైదుసార్లు చేసి, చీవాట్లు తిని నేర్చుకున్నవే. అందుకే మొన్న గంటలో దొరికింది. అది తెలియనివాడు అక్కడుంటే ఎన్నాళ్లు వెతికేవాడో.

పలాస_పిక్క:
2024 తమ్ముడూ, నా పేజీ ఒకసారి చూస్తావా? మా బావమరిది బ్యాకప్ లేదు, అది లేదు, ఇది లేదు అని భయపెడుతున్నాడు, ఏది లేదో నాకు అర్థం కావట్లేదు. డబ్బులే ఇస్తాను, జీడిపప్పు ఇచ్చి సరిపెట్టను.

2024_బ్యాచ్:
వస్తాను అన్నా. ఈలోగా ఒక పని చేయండి, కోడ్ ఉన్న ఫైలు తెరిచి మీ డేటాబేస్ పాస్‌వర్డ్ కొట్టి వెతకండి, అందులోనే రాసేసి ఉందేమో.

పలాస_పిక్క:
ఉంది. మా పాప పేరు, పుట్టిన సంవత్సరం, అలాగే కనబడుతున్నాయి. ఆ ఫైలు మా పాత కుర్రాడికి కూడా పంపాను. ఎప్పుడొస్తావు?