డాలస్ వెళ్తున్నాం, ఆవిడకి షుగర్, నాకు స్టెంట్. ఏ ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీ తీసుకోవాలి?

బ్రాడీపేట లెక్కల మాస్టారు:
అందరికీ నమస్కారం. మా అమ్మాయికి డెలివరీ టైము. నవంబరులో మా ఆవిడా నేనూ బయల్దేరి ఐదు నెలలు ఉండి వస్తాం. నాకు 67, ఆవిడకి 62. ఆవిడకి పదేళ్లుగా షుగర్. నాకు బీపీ, పైగా నాలుగేళ్ల కిందట స్టెంట్ వేశారు. టికెట్లు తీసిన ట్రావెల్స్ కుర్రాడు, "50,000 డాలర్లది పెట్టేస్తా మాస్టారూ, జబ్బులేవీ లేవని టిక్కు కొడితే ప్రీమియం తగ్గుద్ది, ఎవరూ చూడరు" అంటున్నాడు. అల్లుడేమో అమెరికా కంపెనీదే తీసుకోమంటాడు. నలభై ఏళ్లు లెక్కలు చెప్పాను గానీ ఈ బ్రోచర్ లెక్క ఒక్కటీ తేలట్లేదు.

పటమట అమ్మాయి:
మాస్టారూ, ఆ టిక్కు మాత్రం కొట్టనివ్వకండి. కిందటేడు న్యూజెర్సీలో అన్నయ్య ఇంట్లో అమ్మ బాత్రూంలో జారిపడి మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో నర్సు ముందు అడిగింది రోజూ ఏం మందులు వేసుకుంటారనే. అమ్మ చేతిసంచీలోంచి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రల షీటు తీసి చూపించింది, పాపం! అది కాస్తా రికార్డులో ఎక్కింది. మా ఫారంలోనూ ఏజెంటు షుగర్ లేదనే పెట్టాడు. విరిగింది చెయ్యి, షుగర్‌తో పనేంటని మేం ఎంత మొత్తుకున్నా ఇన్సూరెన్స్ వాళ్లు వినలేదు. ఇక్కడి డాక్టరు రాసిన పాత చీటీలన్నీ తెప్పించుకుని, నిజం దాచారని క్లెయిం కొట్టేశారు. అన్నయ్య ఇంకా వాయిదాలు కడుతున్నాడు.

రిటైర్డ్ ఇన్సూరెన్స్ ఉద్యోగి, గుంటూరు:
ఆ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. అయితే జబ్బు రాసినంత మాత్రాన అన్నీ వచ్చేస్తాయనుకోకండి. ముందునుంచి ఉన్న జబ్బులకి చాలా పాలసీలు ప్రాణం మీదికొస్తేనే ఇస్తాయి, అదీ కొంత మొత్తం వరకే. మీరు అసలు చూడాల్సింది సబ్‌లిమిట్. అరవై దాటినవాళ్లకి కొన్ని ప్లాన్లలో గదికి రోజుకింత, ఆపరేషన్‌కి ఇంత అని లోపలి పేజీల్లో కోత పెడతారు. అట్ట మీద 5,00,000 డాలర్లున్నా ఆ కోత కోతే. అమెరికా పాలసీ అయితే ఒక్కో ఖర్చుకి ఇంతేనని ముందే కట్టేసే 'ఫిక్స్‌డ్' రకం వద్దు, మొత్తం పరిమితిలోపు బిల్లులో ఎక్కువ భాగం ఇచ్చే 'కాంప్రహెన్సివ్' చూడండి. అందులో 'అక్యూట్ ఆన్‌సెట్', అంటే పాత జబ్బు ఉన్నట్టుండి తిరగబెడితే ఏమిస్తారన్న పేరా ఒకటికి రెండుసార్లు చదవండి. యూరప్ దేశాలు తిరిగే షెంజెన్ వీసాకి 30,000 యూరోల కవరేజీ లేకపోతే కుదరదు. అమెరికా విజిటర్ వీసాకి ఆ రూలు లేదు, అందుకే మనవాళ్లు చవగ్గా ఏది దొరికితే అది కొనేస్తారు. ఇక్కడి కంపెనీదైతే విమానం ఎక్కేలోపే కొనాలి. అక్కడ ఉండిపోవాల్సి వస్తే గడువు తీరకముందే పొడిగించుకోవాలి.

బ్రాడీపేట లెక్కల మాస్టారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. అమ్మా, మీ అమ్మగారి చెయ్యి ఇప్పుడు ఎలా ఉంది? ఫారం చింపేసి మళ్లీ నింపించాను, మాత్రల పేర్లన్నీ నేనే స్పెల్లింగుతో సహా చెప్పాను. ఆ కుర్రాడి మొహం మాడిపోయింది. సబ్‌లిమిట్ లేనిది ఒకటి దొరికింది గానీ వైద్య పరీక్షలు చేయించమన్నారు. స్టెంట్ కాగితాలు మా ఆవిడ పట్టుచీరల కింద దాచిందట, ఇప్పుడే బయటపడ్డాయి. రేపు పొద్దున్నే పరగడుపున ఇద్దరం ల్యాబుకి.