ప్రపంచానికి ఒకే పోలీసు ఉండాలా?

సందేహాలరావు:
ముందే చెప్పేస్తున్నా, నేను "ఉండాలి" అనే వైపు. అమెరికా మీద ప్రేమతో కాదు, రువాండా గురించి చదివాక వచ్చిన అభిప్రాయం ఇది. 1994 ఏప్రిల్‌లో కిగాలీలోని ఒక టెక్నికల్ స్కూల్లో దాదాపు 2,000 మంది తలదాచుకున్నారు, ఎక్కువగా టుట్సీ తెగవాళ్లు. ఐక్యరాజ్యసమితి తరఫున వచ్చిన బెల్జియం సైనికులు కాపలా ఉన్నారు. గేటు బయట కత్తులు పట్టుకుని వాళ్లను చంపడానికి హుటూ తెగ మిలీషియా (సాయుధ ముఠా) కాచుకుని ఉంది. ఏప్రిల్ 11న ఆ సైనికులకు విదేశీయులను తరలించే పని అప్పగించి, అక్కడి నుంచి వచ్చేయమన్నారు. జనం బండ్లకు అడ్డం పడ్డారు, బతిమాలారు. బండ్లు ఆగలేదు. లోపలున్న వాళ్లలో బతికి బయటపడింది కొద్దిమందే.

సరిగ్గా పది రోజులకు భద్రతా మండలి సమావేశమై ఏం చేసిందో తెలుసా? రువాండాలో ఉన్న బలగాన్ని 270 మందికి తగ్గించింది. వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మంది పోయారు. పదిహేను దేశాలు కూర్చుని మాట్లాడుకుంటే జరిగింది ఇది. అదే ఒక్క దేశానికి "ఇది నీ డ్యూటీ" అని రాసిపెట్టి ఉంటే కనీసం నిలదీయడానికైనా ఒకడు దొరికేవాడు.

నిజం_నిష్ఠూరం:
మీ ఉదాహరణే మీ వాదనను కొట్టేస్తోంది సార్. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయింది. అంటే 1994 నాటికి మీరు కోరుకుంటున్న ఆ ఒకే ఒక్క అగ్రరాజ్యం ఉండనే ఉంది. మరెందుకు రాలేదు? అంతకు ఆరు నెలల ముందు సోమాలియా రాజధాని మొగదిషులో 18 మంది అమెరికా సైనికులు చనిపోయారు. ఆ దెబ్బకు మళ్లీ ఆఫ్రికా వైపు చూడాలంటేనే వాషింగ్టన్ భయపడింది. రువాండాలో జరుగుతున్నది "జాతి నిర్మూలన" అని నేరుగా చెప్పకుండా వాళ్ల ప్రతినిధులు వారాల తరబడి మాటలు దాటేశారు. ఆ మాట అంటే ఏదో ఒకటి చేయాల్సి వస్తుంది కదా.

పోలీసు ఉన్నాడు, జీపు ఉంది, రాలేదు. రానందుకు అడిగేవాడెవడు?

రాత్రిపాఠకుడు:
అక్కడ చమురు ఉండుంటే జీపు అదే కదిలేది.

మూడోకన్ను:
చమురు అనే ఒక్క మాటతో అన్నీ తేల్చేయకండి. బోస్నియాలో ఏ చమురు ఉంది? 1995 జులైలో అక్కడి స్రెబ్రెనిత్సాలో 8,000 మందికి పైగా ముస్లిం మగవాళ్లను, పిల్లలను బోస్నియా సెర్బు దళాలు వేరు చేసి తీసుకెళ్లి చంపాయి. అది సమితి "సురక్షిత ప్రాంతం" అని ప్రకటించిన ఊరు. సమితి నీలం టోపీలు పెట్టుకున్న డచ్ సైనికులు అక్కడే ఉన్నారు, ఏమీ చేయలేకపోయారు. ఆ తర్వాత ఆగస్టు ఆఖర్లో అమెరికా ముందుండి నాటో విమానాలతో బాంబులు వేయించింది. నవంబర్ కల్లా డేటన్‌లో ఒప్పందం కుదిరింది. బాంబుల వల్లే అంతా అయిందనను, నేల మీద క్రొయేషియా, బోస్నియా సైన్యాలు కూడా సెర్బు దళాలను తరిమాయి. కానీ మూడున్నరేళ్లు తీర్మానాలతో ఆగని యుద్ధం అది. బలం పనిచేసింది. నచ్చకపోయినా ఒప్పుకోవాలి.

నిజం_నిష్ఠూరం:
బలం పనిచేయదని నేనెక్కడన్నాను? కర్ర ఉన్నవాడిదే బర్రె, అది తెలిసిందే. ఆ కర్రకు లెక్క చెప్పే చోటేది అని నా గొడవ.

2003 ఫిబ్రవరి 5 గుర్తు తెచ్చుకోండి. అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి కొలిన్ పావెల్ భద్రతా మండలిలో చిన్న గాజు గొట్టం చేత్తో పైకెత్తి చూపించాడు, ఇంత ఆంథ్రాక్స్ (ప్రాణాలు తీసే క్రిమి) పొడి చాలు చూడండి అన్నట్టు. సమితి తనిఖీ బృందం అప్పటికి ఇరాక్‌లోనే సామూహిక విధ్వంస ఆయుధాల కోసం వెతుకుతోంది, ఇంకొంచెం టైమ్ కావాలంటోంది. మండలి అనుమతి లేకుండానే మార్చిలో దాడి మొదలైంది. ఆయుధాలు దొరకలేదు. ఫిర్యాదు ఇచ్చింది తనే, సాక్ష్యం చెప్పింది తనే, తీర్పు ఇచ్చిందీ తనే.

ఇంకో సంగతి. 2002లో అమెరికా ఒక చట్టం చేసుకుంది. తన సైనికులను హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు నిర్బంధిస్తే, విడిపించడానికి అవసరమైన ఏ పద్ధతైనా వాడొచ్చని అధ్యక్షుడికి అధికారం ఇచ్చింది. కోర్టు మెట్లెక్కనని ముందే కాగితం రాసుకున్నవాడికి లాఠీ ఇద్దామంటారా?

పాతకాపు:
మీరంతా 1990ల తర్వాతి కథలే చెబుతున్నారు. కాస్త వెనక్కి వెళ్దాం. 1971లో తూర్పు పాకిస్తాన్‌లో ఊచకోత నుంచి కోటి మంది దాకా సరిహద్దు దాటి వచ్చారు. యుద్ధం చేసి ఆపింది పక్కనున్న భారత్. అప్పుడు అగ్రరాజ్యం ఏం చేసింది? ఎంటర్‌ప్రైజ్ అనే విమానవాహక నౌకను బంగాళాఖాతంలోకి పంపింది, భారత్‌ను బెదిరించడానికి! 1979 జనవరిలో కంబోడియా నియంత పోల్ పాట్‌ను గద్దె దింపింది వియత్నాం. దానికి దక్కిన బహుమానం ఆంక్షలు. పోల్ పాట్ పార్టీ అయిన ఖ్మేర్ రూజ్ ప్రతినిధే సమితిలో కంబోడియా కుర్చీలో కొనసాగాడు, అమెరికా మద్దతుతో. అదే ఏడాది ఉగాండా నియంత ఈదీ అమీన్‌ను తరిమింది టాంజానియా.

మూడు చోట్లా జనాన్ని కాపాడింది పెద్దన్న కాదు, పక్కింటివాడు. మంట సెగ ముందు తగిలేది వాడికే. అవసరం కూడా వాడిదే, స్వార్థం లేదని నేననను. వియత్నాం సైన్యం అక్కడ పదేళ్లు తిష్ట వేసింది కూడా.

సందేహాలరావు:
కంబోడియా కుర్చీ సంగతి నాకు తెలియదండీ, థాంక్స్. కానీ పక్కింటివాడి సూత్రం పుతిన్‌కు కూడా పనికొస్తుందిగా? 2022 ఫిబ్రవరి 24న యుక్రెయిన్ మీదికి వెళ్తూ ఆయన చెప్పింది అదే: తూర్పు యుక్రెయిన్‌లోని దోన్‌బాస్‌లో జాతి నిర్మూలన జరుగుతోంది, కాపాడటానికి వెళ్తున్నాం అని. ఎవరి ఇంట్లో మంట ఉందో తేల్చే పని పక్కింటివాడికి వదిలేద్దామా?

పాతకాపు:
మంచి దెబ్బే కొట్టారు. తేల్చే పని వాడికి ఇవ్వొద్దు, వెళ్లే పని ఇవ్వాలి. 1999లో ఇండోనేషియా ఆధీనంలో ఉన్న తూర్పు తైమూర్‌లో జరిగింది అదే. స్వాతంత్ర్యానికి జనం ఓటేశారని మిలీషియాలు ఊళ్లు తగలబెట్టాయి. అమెరికా ఇండోనేషియాతో సైనిక సంబంధాలు తెంచుకుంది, అప్పులు ఆగిపోతాయనే భయం కూడా జకార్తాకు పట్టుకుంది. విదేశీ బలగానికి అది ఒప్పుకుంది. సెప్టెంబర్ 15న భద్రతా మండలి అనుమతించింది, 20న ఆస్ట్రేలియా నాయకత్వంలో సైన్యం దిగింది. ఒత్తిడి పెద్దవాడిది, అనుమతి అందరిదీ, కాళ్లు పక్కింటివాడివి.

మూడోకన్ను:
అది కుదిరిందంటే ఆ రోజు వీటో వేయడానికి ఎవరికీ అవసరం లేదు కాబట్టి. సిరియా మీద రష్యా ఎన్నిసార్లు వీటో వేసిందో, ఇజ్రాయెల్ విషయంలో అమెరికా ఎన్నిసార్లు వేసిందో చూడండి. మీ పద్ధతి నడిచేది పెద్దవాళ్లకు పట్టని చోట మాత్రమే.

రాత్రిపాఠకుడు:
జోకు వేసి వెళ్లిపోదామనుకున్నా, నిద్ర పాడు చేశారు. సోమాలియా తీరంలో దొంగల సంగతి ఎవరూ ఎత్తలేదే? 2008 తర్వాత అక్కడ ఐరోపా, భారత్, చైనా, రష్యా, అమెరికా నౌకలన్నీ కాపలా తిరిగాయి. అందరి సరుకూ ఆ దారినే పోతుంది మరి. పోలీసు ఒక్కడే కానక్కర్లేదు, నష్టం అందరిదీ అయితే చాలు.

నిజం_నిష్ఠూరం:
సరుకు అందరిదీ. స్కూల్లో తలదాచుకున్న వాళ్లు ఎవరికీ ఏమీ కారు. తేడా అక్కడే ఉంది బ్రో.

సందేహాలరావు:
"ఒకే పోలీసు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. 2002 చట్టం చదివాక సమర్థించడం నా వల్ల కాదు. కానీ పాతకాపు గారూ, మళ్లీ ఆ స్కూలు గేటు దగ్గరికే వస్తా. రువాండా పక్కిళ్లు చూడండి. బురుండి అధ్యక్షుడు రువాండా అధ్యక్షుడితో పాటు అదే విమానంలో చనిపోయాడు. జైర్‌లో (ఇప్పటి కాంగో) నియంత మొబుటు. ఉగాండా ఏమో రువాండా ప్రభుత్వంపై తిరగబడిన టుట్సీల దళం బయల్దేరిన గడ్డ. వీళ్లలో ఎవరిని పంపేవారు?

పాతకాపు:
ఎవరినీ పంపలేం. చివరికి ఆ ఊచకోతను ఆపింది ఉగాండా నుంచి వచ్చిన ఆ తిరుగుబాటు దళమే, జులైలో. నా దగ్గర ఇంతకంటే జవాబు లేదు.