కొత్తగా విల్లు కొనాలి: కాంపౌండా, రికర్వా? ఎన్ని పౌండ్లు?

ఉదయగిరి_కుర్రోడు

అందరికీ నమస్కారం. అమెరికా వాళ్లు విల్లుతో వేటాడే వీడియోలు చూసి నాకూ నేర్చుకోవాలని గట్టిగా ఉంది. ఇంతవరకూ విల్లు పట్టింది లేదు. ఆన్‌లైన్‌లో 60 పౌండ్ల కాంపౌండ్ (కొసల్లో చక్రాలుండే విల్లు) ఒకటి, 40 పౌండ్ల రికర్వ్ (కొసలు ముందుకి వంగి ఉండే విల్లు) ఒకటి చూసి పెట్టుకున్నా. రోజూ జిమ్‌కి పోతా, బలం చాలుద్ది అనుకుంటున్నా. బాణాలు ఏ రకం తీసుకోవాలి? బ్రాడ్‌హెడ్ మొనలు కూడా కొనాలా? మావైపు చేల మీద అడవిపందులు పడతా ఉంటాయి, వాటికి పనికొస్తుందా? తెలిసిన అన్నలు చెప్పండి.

పెన్నా_ఒడ్డు

తమ్ముడూ, ముందు పందుల సంగతి తేల్చుకుందాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ ప్రకారం మన దేశంలో వేట నిషేధం. విల్లైనా ఉచ్చైనా ఒకటే. పంట పాడుచేసే పంది విషయంలో కూడా 11వ సెక్షన్ కింద అధికారి రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాల్సిందే. పొలం మనదైనంత మాత్రాన కుదరదు. నష్టం జరిగితే ఫారెస్టు ఆఫీసులో అర్జీ పెట్టు.

కాబట్టి బ్రాడ్‌హెడ్‌లు వద్దు. ఆ బ్లేడ్లు వేటకు తప్ప దేనికీ అక్కరకు రావు, గడ్డి టార్గెట్‌ని కోసి పారేస్తాయి, చేతిని కూడా. మామూలు టార్గెట్ మొనలు చాలు.

నిన్ను లాగుతున్నది ఆ వీడియోల్లో ఉన్న అడవి, తెలియని దూరం అంచనా వేసి కొట్టడం అయితే, దానికి 3డీ ఆర్చరీ అనే పోటీ విభాగమే ఉంది. ఫోమ్‌తో చేసిన జంతు బొమ్మల్ని, దూరం చెప్పకుండా పెడతారు. అంతర్జాతీయ పోటీల్లో నిలబడి కొట్టే చోటుకి గుర్తులు పెడతారు, ఎర్ర గుర్తు దగ్గర్నుంచి 45 మీటర్ల వరకు, నీలం గుర్తు దగ్గర్నుంచి 30 మీటర్ల వరకు ఉంటుంది. ఆ చూపూ ఆ ఓర్పూ అన్నీ అక్కడ దొరుకుతాయి.

కాంపౌండ్ ఇప్పుడే వద్దంటాను. దాని క్యామ్‌ని, అంటే కొసన ఉండే చక్రాన్ని, నీ లాగుడు పొడవుకి (నువ్వు నారిని వెనక్కి లాగే దూరానికి) సరిగ్గా అమర్చాలి, నారి మార్చాలంటే బో ప్రెస్ (విల్లుని వంచి పట్టే యంత్రం) కావాలి. అది ఉన్న చోటు మనవైపు దొరకడం కష్టం. వెనక్కి పూర్తిగా లాగాక 80 శాతం బరువు తగ్గుతుంది, 60 పౌండ్లది 12 పౌండ్లకి దిగుతుంది, నిజమే. కానీ ఆ తగ్గే చోటికి చేరాలంటే మధ్యలో 60 పౌండ్లూ లాగాల్సిందే. కొత్తవాళ్లు విల్లుని ఆకాశం వైపు ఎత్తి కుదుపుతో లాగి భుజం పాడుచేసుకునేది అక్కడే.

గురి_ఒంగోలు

పెన్నా గారు చెప్పినదానికి కొలతలు కలుపుతాను. విల్లు మనిషిని బట్టి, బాణం విల్లుని బట్టి. ఈ వరస తిరగబడితే ఎంత ఖరీదైన సామాను కొన్నా గురి కుదరదు.

గోడకి ఆనుకుని రెండు చేతులూ బార చాపండి. ఈ మధ్యవేలి కొస నుంచి ఆ మధ్యవేలి కొసకి ఎంతో కొలిచి 2.5తో భాగించండి. వచ్చింది మీ లాగుడు పొడవు, సుమారుగా. విల్లు సైజు, పౌండ్లు, బాణం పొడవు మూడూ దీని మీదే ఆధారపడతాయి.

లింబ్ (విల్లుకి పైనా కిందా వంగే భాగం) మీద రాసే పౌండ్లు, అంటే నారి లాగే బరువు, 28 అంగుళాలు లాగినప్పటి లెక్క. ఒక్కో అంగుళం తగ్గితే 2 పౌండ్లు, అటూ ఇటూగా తగ్గుతుంది, పెరిగితే పెరుగుతుంది. పెద్దవాళ్లు మొదట 20–24 పౌండ్ల లింబ్‌లు తీసుకోవడం మంచిది. జిమ్ బలం ఇక్కడ అంతగా పనిచేయదు. విల్లు లాగి నిలపాల్సింది రెక్కల ఎముకల మధ్య కండరాలు, వాటికి అలవాటు వేరు. 40 పౌండ్లతో మొదలుపెడితే భుజం చెవి దాకా లేస్తుంది, నారి పట్టిన చెయ్యి ఒక్కోసారి ఒక్కో చోట ఆగుతుంది, ఆ దురలవాటు పోగొట్టుకోవడానికి చాలా కాలం పడుతుంది. పరీక్ష తేలిక: పూర్తిగా లాగి గడ్డం కింద పది సెకన్లు వణక్కుండా నిలపగలిగితే ఆ బరువు మీది. తర్వాత రెండు, నాలుగు పౌండ్ల చొప్పునే పెంచండి. అందుకే లింబ్‌లు విడదీసి మార్చుకునే టేక్‌డౌన్ రికర్వ్ కొనమనేది, రైజర్ (మధ్యలో చేత్తో పట్టే భాగం) అలాగే ఉంటుంది, లింబ్‌లు మాత్రం మారతాయి.

కొనేముందు ఏ కన్ను బలమైందో చూసుకోండి. రెండు చేతులతో చిన్న సందు చేసి దూరంగా ఉన్న వస్తువుని అందులోంచి చూస్తూ ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను మూస్తే వస్తువు కనిపించకుండా పోతుందో అదే.

ఉదయగిరి_కుర్రోడు

అన్నా, కొలిచా. బార 170 సెంటీమీటర్లు. కుడిచేతి వాటమే, కానీ ఎడమ కన్ను బలం అని తేలింది. ఇట్ట ఉంటే ఏం చేయాలి?

గురి_ఒంగోలు

170ని 2.5తో భాగిస్తే 68 సెంటీమీటర్లు, అంటే 26.8 అంగుళాలు. 25 అంగుళాల రైజర్, మీడియం లింబ్‌లు, మొత్తం 68 అంగుళాల విల్లు సరిపోతుంది. 24 అని రాసిన లింబ్ మీ చేతిలో 21–22 పౌండ్లే ఉంటుంది.

కన్ను విషయంలో, ఇంకా మొదలుపెట్టలేదు కాబట్టి కంటినే అనుసరించండి. ఎడమచేతి వాటం విల్లు కొనండి, అంటే కుడిచేత్తో పట్టి ఎడమచేత్తో లాగేది. తొలి వారాలు ఇబ్బందిగా ఉన్నా అలవాటవుతుంది. అట్లా వద్దనుకుంటే కుడి విల్లుతో ఎడమ కన్ను మూసి కొట్టాలి. అదీ కుదురుతుంది, కానీ దూరం అంచనా దెబ్బతింటుంది, మీ మనసేమో 3డీ మీద ఉంది.

బాణాల దగ్గరే ఎక్కువమంది దెబ్బతినేది. స్పైన్ అంటే బాణం ఎంత వంగుతుందో చెప్పే అంకె, అది పెరిగేకొద్దీ బాణం మెత్తన. మీ విల్లుకి 29 అంగుళాల పొడవుతో 1000 దరిదాపు స్పైన్ కావాలి. 400, 500 బాణాలు ఎక్కువ పౌండ్ల విల్లులకి. మీ విల్లులోంచి అవి వంగకుండా రైజర్‌ని రాసుకుంటూ పోతాయి. ఎడమచేతి వాటం వాళ్లకి కుడివైపు పడతాయి, తప్పు చేతిదనుకుని మీరు చేతిని మార్చుకుంటూ పోతారు. అల్యూమినియంలో 1616 సైజు అడగండి, అంటే 16/64 అంగుళం వ్యాసం, 16/1000 అంగుళం గోడ మందం. ఇవి వంగితే కంటికి కనిపిస్తుంది. కార్బన్ అట్లా కాదు, లోపల చీలి పైకి బాగానే ఉంటుంది, వదిలినప్పుడు చేతిలోకి పగులుతుంది. మొదటి డజను అల్యూమినియమే కొనండి. బాణం పొడవు లాగుడు కంటే రెండు అంగుళాలు ఎక్కువ ఉండాలి, పొట్టిదైతే రెస్ట్ (రైజర్ మీద బాణం ఆనే చోటు) మీంచి జారి వేళ్లలో దిగుతుంది.

ఫింగర్ ట్యాబ్ (నారి లాగే వేళ్లకి తొడుగు), ఆర్మ్‌గార్డ్ (విల్లు పట్టే ముంజేతికి కాపు), బో స్ట్రింగర్ (విల్లుకి నారి ఎక్కించే తాడు), ఈ మూడూ ఖర్చు తక్కువే, తప్పకుండా కొనాలి.

పెన్నా_ఒడ్డు

స్ట్రింగర్ అన్నారు కాబట్టి: నారి పెద్ద కన్ను పై లింబ్‌కి తొడిగి కిందికి జార్చు, చిన్న కన్ను కింది లింబ్ గాడిలో పెట్టు. రెండు కొసలకీ తొడిగిన స్ట్రింగర్ తాడుని తొక్కి రైజర్‌ని పైకెత్తితే లింబ్‌లు వంగుతాయి, అప్పుడు పై కన్ను గాడిలో కూర్చోబెట్టాలి. రెండు కొసలూ చూసుకున్నాకే తాడు వదులు. కాలికి చుట్టుకుని ఎక్కిస్తే లింబ్ మెలితిరుగుతుంది. ఎక్కించాక నారి నుంచి రైజర్ పట్టు దాకా కొలువు, 68 అంగుళాల విల్లుకి 8.5 నుంచి 9 అంగుళాలు ఉండాలి. తక్కువైతే నారిని నాలుగైదు మెలికలు ఎక్కువ తిప్పు.

బాణం లేకుండా నారి లాగి వదలకు, ఎవరినీ వదలనివ్వకు. బాణంలోకి పోవాల్సిన శక్తంతా లింబ్‌లోకి తిరిగొస్తుంది, పొరలు విడిపోతాయి. ఎండలో ఆపిన కారులో విల్లు వదిలినా జిగురు మెత్తబడి అదే జరుగుతుంది. మన రోహిణీ కార్తెలో మరీను.

టార్గెట్‌కి వరిగడ్డి చాలు, మనకి దానికేం కరువు. కాకపోతే వదులు మోపులు పనికిరావు, బాణం ఈకల దాకా దూరి ఈకలు ఊడతాయి. రెండు చెక్కల మధ్య అడుగు మందం గడ్డి అణిచి, తాళ్లతో బిగించి, సడలినప్పుడల్లా మళ్లీ బిగించుకో. వెడల్పూ ఎత్తూ మూడేసి అడుగులు ఉంటే పది మీటర్ల నుంచి మొదలుపెట్టొచ్చు. వెనక మట్టిదిబ్బ ఉండాలి, అవతల ఎవరూ తిరగని చోటు చూసుకో. చెరువు కట్ట బాగుందనిపిస్తుంది గానీ దాని మీంచి బర్రెల్ని తోలుకొస్తుంటారు, వద్దు. మధ్యాహ్నం సముద్రపు గాలి లేవకముందు, పొద్దున్నే కొట్టుకుంటే గాలి తప్పు ఏదో నీ తప్పు ఏదో తెలుస్తుంది.

బాణాలు పీకేటప్పుడు నీ వెనక ఎవరూ నిలబడి ఉండకూడదు, నాక్ (బాణం వెనక, నారి పట్టే గాడి ఉన్న కొస) నేరుగా కంట్లో పొడుస్తుంది. ఒక చెయ్యి గడ్డికి ఆనించి తిన్నగా లాగు, పక్కకి వంచకు. పీకిన బాణాన్ని ఈకలు అంచు బయట ఉండేలా బల్ల మీద దొర్లించి చూడు, మొన దగ్గర గంతులేస్తే ఆ బాణాన్ని పక్కన పెట్టెయ్.