అమ్మానాన్నలతో 14 రాత్రుల అలాస్కా క్రూజ్: కాగితాలు, పోర్టుల వివరాలు ఎలా సర్దుకోవాలి?

అడిగినవారు: గుంటూరు, ప్రస్తుతం సియాటిల్

అందరికీ నమస్కారం. మాది గుంటూరు బ్రాడీపేట. ఉద్యోగం మీద సియాటిల్ వచ్చి ఐదు నెలలైంది. జూలైలో అమ్మా నాన్నా వస్తున్నారు. ఇక్కడే ఎక్కి మళ్లీ ఇక్కడే దిగే 14 రాత్రుల అలాస్కా క్రూజ్ బుక్ చేద్దామనుకుంటున్నాను. ఇద్దరికీ పదేళ్ల అమెరికా విజిటర్ వీసా ఉంది. మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ ఓడ ఎక్కలేదు. సగం వివరాలు మెయిల్లో, సగం యాప్‌లో ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది. వెళ్లొచ్చినవాళ్లు ఎలా ప్లాన్ చేసుకున్నారో చెప్పండి.

జవాబు: విజయవాడ, సియాటిల్

తమ్ముడూ, మాది విజయవాడ సత్యనారాయణపురం. పదకొండేళ్లుగా సియాటిల్ దగ్గరే ఉంటున్నాం. వయసులో చిన్నవాడివని చనువుగా నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు. ఇప్పుడు సెలవుకి అమ్మావాళ్లింటికి వచ్చాను. వచ్చే వేసవికి మేమూ ఇలాంటి ప్రయాణమే పెట్టుకున్నాం. భోజనాల బల్ల మీద కంచం పెట్టే చోటు లేకుండా అవే కాగితాలు.

డబ్బు కట్టకముందే కెనడా వీసా సంగతి చూడు. సియాటిల్ నుంచి వెళ్లొచ్చే అలాస్కా ఓడలు దారిలో కెనడాలోని విక్టోరియాలోనో, ప్రిన్స్ రూపర్ట్‌లోనో ఆగుతాయి. ఈ పెద్ద ఓడలు దాదాపు అన్నీ వేరే దేశాల జెండా కింద నడుస్తాయి. అలాంటి ఓడ అమెరికా రేవులో ఎక్కించుకున్నవాళ్లని తిప్పి తెచ్చి అమెరికా రేవులోనే దింపాలంటే మధ్యలో పరాయి దేశపు రేవు ఒక్కటైనా తాకాలి. 1886 నాటి చట్టం అది. కాబట్టి కెనడా తప్పదు, మన పాస్‌పోర్టుకి కెనడా వీసా తప్పదు. అమెరికా వీసా ఉంది కదా అంటే కుదరదు. విక్టోరియాలో దిగం, గదిలోనే ఉంటాం అన్నా క్రూజ్ వాళ్లు ఎక్కనివ్వరు. నీకూ కావాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి మాత్రం పాస్‌పోర్టు, కార్డు ఉంటే చాలు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మొదటిసారి మాకు టికెట్లు ఇప్పించిన ఏజెంటు "విక్టోరియాలో దిగకపోతే వీసా అక్కర్లేదండీ" అన్నాడు. నమ్మాం. టెర్మినల్ కౌంటర్లో ఆ అమ్మాయి అమ్మ పాస్‌పోర్టు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పింది, మళ్లీ చివర నుంచి మొదటికి తిప్పింది. అప్పుడే నాకు గుండె జారిపోయింది. అద్దాల్లోంచి ఓడ కనబడుతూనే ఉంది. మేం టాక్సీ పిలిపించుకుని ఇంటికొచ్చేశాం. కట్టిన డబ్బులో ఒక్క డాలరు తిరిగి రాలేదు. నాన్నగారు నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ టికెట్ కాగితాలు మడిచి సూట్‌కేసులో బట్టల అడుగున పెట్టేసుకున్నారు. ఆ మడత పెట్టడం నాకిప్పటికీ కళ్లముందే ఉంది.

మీ నాన్నగారివాళ్లు అక్కడినుంచి బయలుదేరేలోపే ఈ పని కానివ్వు. దరఖాస్తు ఆన్‌లైన్లో నువ్వే నింపొచ్చు. వేలిముద్రలకి మాత్రం హైదరాబాద్ వెళ్లాలి. మనిషికి వీసా ఫీజు 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకి 85. వేలిముద్రలు ఒకసారి ఇస్తే పదేళ్లు పనికొస్తాయి. స్టాంపింగ్‌కి పాస్‌పోర్టు వాళ్ల దగ్గర పెట్టాలి కాబట్టి మూడు నాలుగు నెలలు చేతిలో ఉంచుకో.

తర్వాత పేర్లు. మనవైపు పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకరికి పూర్తిగా ఉంటుంది, ఒకరికి పొడి అక్షరమే ఉంటుంది. మా అమ్మకైతే సర్‌నేమ్ గడి ఖాళీ. అందుకే అమెరికా వీసాలో పేరంతా సర్‌నేమ్‌లోకి వెళ్లి, అసలు పేరు (గివెన్ నేమ్) ఉండాల్సినచోట ఎఫ్‌ఎన్‌యూ, అంటే ‘ఫస్ట్ నేమ్ అన్‌నోన్’ (పేరు తెలియదు) అని పడింది. మీవాళ్లకీ అలా ఉంటే వెబ్‌సైటులో తోచినట్టు నింపకు. క్రూజ్ కంపెనీకి ఫోన్ చేసి, పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు వాళ్లచేతే ఎక్కించు.

ఇక వివరాలన్నీ ఒకచోట పెట్టుకోవడం. మరుసటి ఏడాది వీసాలు తీసుకుని వెళ్లినప్పుడు నేను ఫోన్లో పెద్ద షీటు చేసుకున్నాను. నాన్నగారు అది చూసి "ఇది నీకు తెలుస్తుంది, నువ్వు పక్కన లేనప్పుడు మాకెలా తెలుస్తుందమ్మా?" అన్నారు. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. రూళ్లకర్ర తీసుకుని లాంగ్‌బుక్ కాగితం మీద తనే గళ్లు గీశారు: తేదీ, ఊరు, ఓడ ఆగే టైము, అందరూ తిరిగి ఎక్కాల్సిన టైము, ఆరోజు చూసేది, పాస్‌పోర్టు కావాలా వద్దా. అంతా తెలుగులో, కళ్లజోడు లేకుండా చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో. ఎక్కాల్సిన టైము ఒక్కటే ఎర్ర ఇంకుతో. అమ్మకి మోకాళ్ల నొప్పులు. రేవుకి ఆనకుండా ఓడ దూరంగా ఆగి, చిన్న పడవల్లో దింపే ఊళ్లకి నేను పక్కన చుక్క పెట్టాను. నాలుగు జెరాక్స్ కాపీలు తీసి సంచికొకటి పెట్టాం. ఆ 14 రోజుల్లో మా యాప్ కన్నా ఆ కాగితాన్నే ఎక్కువసార్లు చూశాం.

పాస్‌పోర్టు గడి ఎందుకంటే అలాస్కాలోని స్కాగ్వే సంగతి చెప్తాను. మీ ఓడ అక్కడ ఆగితే కొండ మీదికి వెళ్లే వైట్ పాస్ రైలు తప్పకుండా ఎక్కించు. 1898లో మొదలుపెట్టి 1900కల్లా కట్టిన లైను, పట్టాల మధ్య మూడడుగులే. నాన్నగారు కిటికీ దగ్గర నుంచి కదల్లేదు. కానీ ఆ రైళ్లలో కొన్ని శిఖరం దాకా వెళ్లి తిరిగొస్తాయి, కొన్ని సరిహద్దు దాటి కెనడాలో ఫ్రేజర్, కార్‌క్రాస్ వరకు వెళ్తాయి. దాటే రైలు ఎక్కేరోజు పాస్‌పోర్టులు గదిలోని లాకర్లో ఉండిపోకూడదు.

సియాటిల్లో క్రూజ్ టెర్మినళ్లు రెండు, పైర్ 66, పైర్ 91. అవి పక్కపక్కన లేవు. నీది ఏదో ఆ కాగితంలో మొదటి వరసలోనే రాయి. అలాస్కా టైము సియాటిల్ కన్నా గంట వెనక. ఓడలో గడియారం మార్చమని చెప్పిన రాత్రే నాన్నగారి చేతివాచీ మార్చేసి, అందరం దాన్నే నమ్ముకున్నాం.

మందులు పెద్ద సూట్‌కేసులో పెట్టొద్దు. టెర్మినల్లో ఇచ్చిన సామాను గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో ఉండాలి. విజిటర్ ఇన్సూరెన్సు ఓడ మీద, కెనడాలో పనిచేస్తుందో లేదో రాతపూర్వకంగా అడుగు. ఓడలో డాక్టరు ఉంటారు, కానీ బిల్లు మన కార్డు మీదే పడుతుంది.

రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె రానివ్వరు. ఇంట్లో వండినవీ చాలా ఓడల్లో రానివ్వరు, కాబట్టి అమ్మగారిని గోంగూర పచ్చడి సీసాలకి పెట్టనివ్వకు. ఇండియన్ శాకాహారం కావాలని బుకింగ్‌లోనే రాయించు. ఎక్కాక హెడ్ వెయిటర్‌కి ఏ రాత్రికారాత్రి మర్నాటి సంగతి చెప్తే పప్పు, అన్నం చేసిపెట్టారు మాకు.

జవాబు: గుంటూరు, టాంపా

అక్క చెప్పిన టైము విషయంలో ఒక మాట. మేం వేసవిలో ఫ్లోరిడా నుంచి మెక్సికోలోని కొజుమెల్ వెళ్లాం. అక్కడ ఏడాదంతా ఒకటే టైము, వేసవిలో ఫ్లోరిడా కన్నా గంట వెనక. మా ఓడ ఫ్లోరిడా టైమే ఉంచింది. ఫోన్లు మాత్రం వాటంతటవే అక్కడి టైముకి మారిపోయాయి. ఇంకా గంటుందిలే అని మా మామయ్యగారు బీచ్‌లో కూర్చుండిపోయారు. అందరం పరుగెత్తుకొచ్చి, మెట్లు తీసేసే ముందు ఎక్కాం. ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, ఓడ టైము చేత్తో సెట్ చేసుకోండి. సముద్రం మీద రోమింగ్ బిల్లు కూడా తప్పుతుంది.

అడిగినవారు

చాలా థాంక్స్ అక్కా, అన్నా. కెనడా వీసా సంగతి అసలు తెలియదు, ఈ రాత్రే డబ్బు కట్టేవాడిని. ఇంకొక్కటి అక్కా. అమ్మకి ఇంగ్లీషు రాదు. ఏ ఊళ్లోనైనా చెయ్యి వదిలి తప్పిపోతే ఎలా?

జవాబు: విజయవాడ, సియాటిల్

రోజూ గదికి వచ్చే కార్యక్రమాల కాగితం మీద ఆ ఊళ్లో ఓడ తరఫున ఉండే పోర్ట్ ఏజెంటు ఫోన్ నంబరు ఉంటుంది. దిగేముందు అది, ఓడ పేరు, రేవు పేరు, నీ నంబరు ఒక అట్ట మీద ఇంగ్లీషులో రాసి, కింద అదే తెలుగులో రాసి అమ్మగారి పర్సులో పెట్టు. మా అమ్మ దాన్ని పిన్నీసుతో కొంగు లోపలివైపు పెట్టుకునేది. గది నంబరు మాత్రం దాని మీద రాయకు.

నాన్నగారు గీసిన కాగితం ఫోటో రేపు ఇక్కడ పెడతాను. ఆదివారం మేం పెళ్లికి గుంటూరు వస్తున్నాం, అరండల్‌పేటలోనే. మీ నాన్నగారికి వీలుంటే చెప్పు, ఆ కాగితం పట్టుకుని నాన్నగారే మీ ఇంటికి వస్తానంటున్నారు.